కౌంటరు దగ్గరి ప్రశ్నే పోస్టు కావాలి: కళాశాల లైబ్రేరియన్లకు సోషల్ మీడియా మార్గదర్శి

"మేడమ్, పాత పీహెచ్‌డీ థీసిస్‌లు ఎక్కడైనా చదవడానికి దొరుకుతాయా?"

ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి మా ఇష్యూ కౌంటరు దగ్గర నిలబడి అడిగిన ప్రశ్న ఇది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి శోధగంగ (మన దేశపు పరిశోధన గ్రంథాలను ఉచితంగా చదవనిచ్చే సైటు) ఎలా తెరవాలో చూపించాను. పది నిమిషాలు పట్టింది. మర్నాడు చరిత్ర విభాగం నుంచి మరొకరు వచ్చారు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు. అదే ప్రశ్న, అవే పది నిమిషాలు. నాలుగోసారి చెబుతున్నప్పుడు ఒక ఆలోచన పట్టుకుంది. వచ్చి అడిగినవాళ్లు నలుగురు. ఇలాంటిది ఒకటి ఉందని తెలియక, అడగకుండానే చదువు ముగించుకుని వెళ్లిపోయేవాళ్లు ఎందరు? వాళ్ల కోసమే మా లైబ్రరీ సోషల్ మీడియాలోకి వెళ్లింది.

చాలా కళాశాలల లైబ్రరీలకు ఇప్పటికే ఏదో ఒక పేజీ ఉంది. తెరిచి చూస్తే పండగ శుభాకాంక్షలు, సన్మానాల ఫొటోలు, అతిథుల రాక. వాటిని తప్పు పట్టను. కానీ శాలువా ఫొటో చూసి ఏ విద్యార్థీ తనకు కావలసిన పుస్తకాన్ని చేరుకోలేడు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది చదువరి సమయాన్ని ఆదా చేయమంటుంది. పోస్టు పెట్టే ముందు నేను వేసుకునే ప్రశ్న కూడా అదే: దీనివల్ల ఎవరి సమయం ఎంత మిగులుతుంది? జవాబు దొరకకపోతే ఆ పోస్టు ఆపేస్తాను.

మొదట ఒక నోటుపుస్తకం కొనండి

ఖాతా తెరవడానికి ముందు రెండు వారాలు ఆగండి. కౌంటరు మీద ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టి, విద్యార్థులు, అధ్యాపకులు అడిగే ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాయండి. మన వృత్తి భాషలోకి మార్చవద్దు. "పరిశోధన గ్రంథాల భాండాగారం గురించి విచారణ" అని రాస్తే ప్రశ్నలోని ప్రాణం పోతుంది. "పాత పీహెచ్‌డీలు దొరుకుతాయా" అని ఉన్నదున్నట్టు రాయాలి. రేపు ఆ పోస్టుకు శీర్షిక అదే. పిల్లలు ఫోనులో వెతికేదీ ఆ మాటలతోనే.

మా పుస్తకంలో మొదటి వారం పడిన ప్రశ్నల్లో కొన్ని: "ఎన్-లిస్ట్ పాస్‌వర్డ్ మరచిపోయాను, ఎవరిని అడగాలి?" (ఎన్-లిస్ట్ అంటే కళాశాలలకు ఈ-బుక్స్, ఈ-జర్నళ్లు అందించే సేవ.) "తెలుగు నవలలు ఏ అలమారాలో ఉన్నాయి?" "ఈ జర్నల్ వాళ్లు మూడు రోజుల్లో పేపర్ అచ్చు వేస్తామంటున్నారు, ఇవ్వవచ్చా?" "సెమిస్టర్ పరీక్షల్లో లైబ్రరీ ఎన్ని గంటల వరకు?" "చాట్‌జీపీటీ చెప్పిన పుస్తకం మన దగ్గర ఎందుకు లేదు?"

వారాంతంలో వాటి పక్కన గుర్తులు పెట్టండి. ఒక్క మాటతో తేలిపోయేవి కొన్ని ఉంటాయి: సమయాలు, అలమారాలు, పాస్‌వర్డులు. వాటిని ఒకసారి రాసి పైన పిన్ చేస్తే చాలు. ఎలా వెతకాలో, ఎలా నిర్ధారించుకోవాలో అడిగేవి మరికొన్ని. మన చదువు, అనుభవం పనికొచ్చేది అక్కడే. కాబట్టి మీ సమయంలో ఎక్కువ భాగం వాటికే ఇవ్వండి. ఇక ఒక వ్యక్తి సొంత విషయానికి సంబంధించినవి: జరిమానా, పోయిన పుస్తకం, ఆలస్యమైన నో డ్యూ సర్టిఫికెట్. వాటిని ఎప్పటికీ బయట పెట్టకూడదు. ఈ సంగతి మళ్లీ చెబుతాను.

ఎక్కడ పెట్టాలి

1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతంలోని కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపించారు. ఆ రోజుల్లో జనం కాలువ మీద పడవల్లో ప్రయాణించేవారు. అందుకే పుస్తకాలూ కాలువ ఎక్కాయి. ఇప్పుడు మన విద్యార్థులు ఏ దారిలో ఉన్నారో మనం ఊహించుకోకుండా వాళ్లనే అడగాలి. ఒక తరగతిలో చేతులెత్తమంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మా దగ్గర జవాబు వాట్సాప్ అని వచ్చింది. మీ దగ్గరా అదే రావచ్చు. అయితే గ్రూపు పెట్టాలా, ఛానల్ పెట్టాలా అన్నది బాగా ఆలోచించండి. గ్రూపులో 1,024 మందికి మించి చేరలేరు. అది చిన్న ఇబ్బంది. అసలు ఇబ్బంది, గ్రూపులో చేరిన ప్రతి అమ్మాయి ఫోను నంబరూ ముక్కూ మొహం తెలియని వందల మందికి కనిపించడం. ఆ ఒక్క కారణం చాలు, లైబ్రరీకి గ్రూపు వద్దనడానికి. ఛానల్లో చేరినవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. మాటకు మాట అక్కడ గ్రూపులో సాగినట్టు సాగదు, నిజమే. అందుకే ప్రతి పోస్టు చివర ప్రశ్న పంపవలసిన ఈ-మెయిల్ చిరునామా ఉండాలి.

వాట్సాప్‌లో పెట్టింది పది రోజులకు అట్టడుగుకు వెళ్లిపోతుంది. కాబట్టి దాచుకునే చోటు ఒకటి కావాలి. కళాశాల వెబ్‌సైటులో ఒక పేజీ అయినా సరే, టెలిగ్రామ్ ఛానల్ అయినా సరే. టెలిగ్రామ్‌లో పాత పోస్టులను హ్యాష్‌ట్యాగులతో వెతుక్కోవడం తేలిక. చేసి చూపించవలసినవి యూట్యూబ్‌లో పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసే మాటల్లో లింకు నొక్కితే తెరుచుకోదు. అక్కడ కొత్త పుస్తకాల ముఖచిత్రాలు బాగుంటాయి, వెతికే పద్ధతులు చెప్పడానికి అది చోటు కాదు.

రోజూ మాట్లాడేది ఒకటి, దాచిపెట్టేది ఒకటి. ఈ రెండూ ఆరు నెలలు తప్పకుండా నడిచిన తర్వాతే మూడోది తెరవండి. అయిదు ఖాతాలు తెరిచి అయిదింటినీ ఎండబెట్టిన లైబ్రరీలను చూశాను.

ఖాతా లైబ్రరీదే కావాలి

సొంత ఫోను నంబరుతో ఖాతా తెరవవద్దు. ప్రభుత్వ కళాశాలల్లో బదిలీలు ఉంటాయి. లైబ్రేరియన్‌తో పాటు నంబరూ వెళ్లిపోతే నాలుగేళ్ల కృషి, వేలమంది చదువరులు ఒక్క ఉత్తర్వుతో తెగిపోతారు. లైబ్రరీ పేరున ఒక సిమ్, ఒక ఈ-మెయిల్ తీసుకోండి. ప్రిన్సిపాల్ దగ్గర ఒక పేజీ అనుమతి రాయించుకోండి. ఏం పెడతాం, ఏం పెట్టం, ఎవరెవరు పెడతారు అన్నది అందులో ఉండాలి. రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, బాధ్యతలు అప్పగించే జాబితాలో అక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన పుస్తకాల నమోదు పుస్తకం) పక్కన ఆ ఖాతా పేరూ చేరాలి.

పోస్టు రాయడం

అసలు పని ఇది. ముందుగా చాలా చోట్ల కనిపించే పద్ధతి చూడండి: "పరిశోధక విద్యార్థులందరూ శోధగంగ సౌకర్యాన్ని సద్వినియోగం చేసుకోవలసిందిగా కోరడమైనది." చదివినవాడికి శోధగంగ అంటే ఏమిటో, ఎక్కడుందో, తనకెందుకో ఒక్కటీ తెలియలేదు. ఇది నోటీసు బోర్డు భాష. అదే విషయాన్ని మేము ఇలా రాశాం:

"పాత పీహెచ్‌డీలు దొరుకుతాయా? దొరుకుతాయి, ఉచితంగా. మన దేశంలోని విశ్వవిద్యాలయాలు ఆమోదించిన లక్షల పరిశోధన గ్రంథాలు శోధగంగలో ఉన్నాయి. లాగిన్ అక్కరలేదు. లింకు కింద ఉంది. మీ అంశాన్ని మొదట ఇంగ్లిషు అక్షరాల్లో వెతకండి. చాలా తెలుగు గ్రంథాల శీర్షికలు అక్కడ ఇంగ్లిషు లిపిలోనే నమోదయ్యాయి. ఆ తర్వాత తెలుగు లిపిలో కూడా వెతకండి. గ్రంథం అధ్యాయాల వారీగా విడివిడి ఫైళ్లలో వస్తుంది. అన్నీ దించుకోవద్దు. ముందు చివర ఉన్న ఉపయుక్త గ్రంథసూచి తెరవండి. మీ అంశం మీద ఇంతకు ముందు ఎవరెవరు రాశారో రెండు మూడు పేజీల్లో తెలుస్తుంది. ఆ పుస్తకాల్లో మన లైబ్రరీలో ఏవి ఉన్నాయో తెలియాలంటే జాబితా ఫొటో తీసి మాకు పంపండి."

ఈ పోస్టులో మా వృత్తి రహస్యం అనదగ్గది ఒకే ఒక్కటి: గ్రంథసూచి నుంచి మొదలుపెట్టడం. లింకు గూగుల్ ఇస్తుంది. గ్రంథసూచి ముందు చూడమని చెప్పేది లైబ్రేరియనే. మీరు రాసే ప్రతి పోస్టులోనూ అలాంటి మాట ఒకటి ఉందో లేదో చూసుకోండి, వెతుకులాటలో అనుభవం ఉన్నవాళ్లు మాత్రమే చెప్పగలిగిన మాట. అది లేకపోతే పోస్టు ఇంకా తయారు కానట్టే.

ఈ మధ్య మా నోటుపుస్తకంలో ఎక్కువగా పడుతున్న ప్రశ్న కృత్రిమ మేధ ఇచ్చే పుస్తకాల గురించి. రచయిత పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, పేజీ సంఖ్యలతో సహా ఉంటాయి. పుస్తకం మాత్రం ఈ లోకంలో ఉండదు. ఒక కుర్రాడు పన్నెండు వ్యాసాల జాబితాతో వచ్చాడు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ వెతికితే అయిదే నిజమైనవని తేలింది. ఆ సాయంత్రమే ఇలా పోస్టు రాశాను: వ్యాసం శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. డీఓఐ సంఖ్య (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఉంటే దాన్ని డీఓఐ సైటులో వేసి, తెరుచుకున్న వ్యాసం శీర్షికా, మీ దగ్గరున్నదీ ఒకటేనా చూడండి. ఆ పత్రిక సొంత సైటులో ఆ సంపుటి, ఆ సంచిక తీసి, ఆ పేజీలో ఏ వ్యాసం ఉందో చూడండి. మూడు చోట్లా కనిపించకపోతే దాన్ని మీ ప్రాజెక్టులో రాయకండి, కౌంటరు దగ్గరకు తీసుకురండి. పాత తెలుగు పుస్తకాలు చాలా వరకు ఇంటర్నెట్‌కు ఎక్కలేదు కాబట్టి, కనిపించనంత మాత్రాన లేదని తీర్మానించడానికి వీల్లేదు. పోస్టులోని ఈ చివరి వాక్యం మరవకుండా రాయాలి. అది లేకపోతే పిల్లలు నిజమైన పాత పుస్తకాలను కూడా నకిలీ అనుకునే ప్రమాదం ఉంది.

మాటలే అక్కరలేని పోస్టులూ ఉంటాయి. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో అమర్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి సంఖ్య 894.827. విద్యార్థికి ఆ అంకె చెబితే భయపడతాడు. తలుపు దగ్గర మొదలుపెట్టి, మెట్ల మీదుగా, ఆ అంకె అతికించిన అలమారా దాకా ఫోను పట్టుకుని నడుస్తూ ఇరవై సెకన్ల వీడియో తీయండి. చివర ఒక పుస్తకాన్ని బయటికి లాగి, వెన్ను మీది చీటీ దగ్గరగా చూపించండి. మరుసటి రోజే ఇద్దరు పిల్లలు నేరుగా అలమారా దగ్గరకు నడిచి వెళ్లడం చూశాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

తెలుగులో రాసేటప్పుడు యూనికోడ్ అక్షరాలే వాడండి. డీటీపీ వాళ్లు పాత ఫాంట్లలో చేసిచ్చిన పోస్టర్‌ను బొమ్మగా పెడితే అందులోని మాటలు వెతికితే దొరకవు. చూపు లేని విద్యార్థుల ఫోను వాటిని చదివి వినిపించలేదు. పోస్టర్ పెట్టినా సరే, విషయం మొత్తం కింద అక్షరాల్లో ఉండాలి. ఫొటోలో ఏముందో ఒక వాక్యంలో రాయాలి. మా చదువరుల్లో ఒకరికి చూపు లేదు. పోస్టులన్నీ అతనికి వినిపించి చూసిన రోజున మేము దిద్దుకున్న తప్పులు ఏ శిక్షణ తరగతిలోనూ తెలిసేవి కావు.

పీడీఎఫ్ అడిగినప్పుడు

పరీక్షల ముందు వారం ఈ అభ్యర్థన రాక తప్పదు: "ఆ పుస్తకం పీడీఎఫ్ ఛానల్లో పెట్టండి, ప్లీజ్." పెట్టకూడదు. మన దేశంలో రచనకు రచయిత జీవితకాలమంతా, మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్ల పాటు కాపీరైటు ఉంటుంది. గురజాడ అప్పారావు 1915లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలను నిస్సంకోచంగా పంచవచ్చు. శ్రీశ్రీ మరణం 1983లో. ఆయన పుస్తకాలకు 2043 చివరి వరకు కాపీరైటు ఉంటుంది. ఈ లెక్క కౌంటరులో రాసి పెట్టుకోండి, రోజూ పనికొస్తుంది. పాత రచనే అయినా కొత్త పీఠికతో, వ్యాఖ్యానంతో వచ్చిన కూర్పు అయితే ఆ పీఠికకు వేరే హక్కుదారు ఉంటారు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫొటోకాపీ కేసులో 2016లో హైకోర్టు విద్యార్థుల వైపు నిలిచింది కదా అని కొందరు అధ్యాపకులు అడుగుతారు. ఆ తీర్పు తరగతిలో బోధన కోసం పుస్తకాల్లోని భాగాలు కలిపి జిరాక్స్ తీయించి ఇచ్చిన పాఠ్య సంపుటాల గురించి. ఎవరైనా వచ్చి చేరగల ఛానల్లో మొత్తం పుస్తకాన్ని పెట్టడానికి అది అనుమతి పత్రం కాదు. చందా కట్టి తెచ్చుకున్న ఈ-జర్నళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫైళ్లు మూకుమ్మడిగా దించి బయట పంచితే ప్రచురణకర్తలు సంస్థ మొత్తానికి ప్రవేశం నిలిపివేయవచ్చు. ఫైలు బదులు లింకు పెట్టండి.

అయితే "కుదరదు" అని చెప్పి ఊరుకోవడం లైబ్రేరియన్ పని కాదు. కుదరదన్న ప్రతిసారీ పక్కనే ఒక దారి చూపించాలి. నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఉందేమో చూసి లింకు ఇవ్వండి. ఎన్-లిస్ట్‌లో ఈ-బుక్ ఉంటే అది చెప్పండి. మన దగ్గర నాలుగు ప్రతులుంటే పరీక్షల వారంలో వాటిని ఇంటికివ్వకుండా రెండేసి గంటల చొప్పున లోపలే చదువుకునేలా ఏర్పాటు చేసి, ఆ సంగతి పోస్టు చేయండి. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీ సంస్థ ఆ జాబితాలో ఉంటే, ఇంటి నుంచి ఎలా తెరవాలో బొమ్మలతో చూపించే పోస్టు ఒకటి తప్పక రాయాలి. ప్రజాధనంతో కొన్న పత్రికలు తెరిచేవాళ్లు లేక పడి ఉండటం నన్ను బాధపెడుతుంది.

పేర్లు బయట పెట్టకండి

ఒక కళాశాలలో పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్ల జాబితాను పేర్లు, రోల్ నంబర్లు, జరిమానాలతో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ఒకమ్మాయి పుస్తకం తిరిగి ఇచ్చేసింది. రిజిస్టరులో కొట్టివేయడం మరచిపోయింది సిబ్బందే. జాబితా సరిచేశారు, క్షమాపణ కూడా చెప్పారు. ఆమె మాత్రం ఆ తర్వాత లైబ్రరీ మెట్లెక్కలేదు. గడువు గుర్తుచేయవలసింది ఆ ఒక్కరికే, ఆ ఒక్కరి ఫోనుకే.

ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారన్నది కూడా వాళ్ల సొంత విషయమే. "ఈ నెల ఉత్తమ చదువరి" అంటూ ఫొటో పెట్టాలనుకుంటే ముందు అడగండి. పుస్తకాల పేర్లు రాయాలంటే మరోసారి అడగండి. పఠన మందిరం ఫొటోలు వెనక నుంచి తీయండి. వ్యక్తిగత సమాచారం విషయంలో 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఎలాగూ ఉంది. చట్టం లేకపోయినా ఇది మన వృత్తి ధర్మమే.

ఎప్పుడెప్పుడు

వారానికి రెండు పోస్టులు చాలు. ప్రవేశాల కాలంలో లైబ్రరీ పరిచయం, ప్రాజెక్టుల కాలంలో వెతికే పద్ధతులు, పరీక్షల ముందు సమయాలు, పాత ప్రశ్నపత్రాలు. రంగనాథన్ జయంతి ఆగస్టు 12న, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో మామూలుకన్నా కొంచెం ఎక్కువ. గుడ్ మార్నింగ్ సందేశాలు వద్దు. అవి వస్తున్న ఛానల్‌ను జనం చప్పుడు లేకుండా మ్యూట్ చేస్తారు, అవసరమైన మాట చెప్పిన రోజున వినేవాళ్లుండరు.

జవాబు, దిద్దుబాటు

వచ్చిన ప్రశ్నకు ఒక పనిదినంలో జవాబు ఇవ్వండి. జవాబు చేతిలో లేకపోతే "వెతుకుతున్నాను, గురువారం చెబుతాను" అని రాసి, గురువారం చెప్పండి. తప్పు దొర్లితే పోస్టును మాయం చేయవద్దు. ఒకసారి ఫెలోషిప్ దరఖాస్తు గడువును నేను తప్పుగా రాశాను. గంటలో తెలిసింది. పాత పోస్టు పైన "సవరణ" అని రాసి సరైన తేదీ ఇచ్చి, కొత్తగా మరో పోస్టు కూడా పెట్టాను. అప్పటికే దాన్ని ముందుకు పంపినవాళ్లకు కూడా సవరణ చేరాలి కదా. ఆ తర్వాత ఏ తేదీనైనా మూల ప్రకటన లింకు లేకుండా పెట్టలేదు.

మన అలమారాల్లో మాత్రమే ఉన్నది

ఇంతవరకు చెప్పింది బయటి జ్ఞానాన్ని మన విద్యార్థులకు చేర్చడం. మన దగ్గర ఉన్నదాన్ని బయటికి పంపడం కూడా అంతే ముఖ్యం, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ప్రతి పాత కళాశాల లైబ్రరీలోనూ మరెక్కడా దొరకనివి ఉంటాయి: కళాశాల వార్షిక సంచికలు, స్వర్ణోత్సవ సంచికలు, స్థానిక చరిత్రలు, ఎవరో ఊరి పెద్ద దానమిచ్చిన పుస్తకాలు. పూర్తి ప్రతిని స్కాన్ చేసి పెట్టడానికి హక్కులు లేకపోవచ్చు. విషయసూచికను టైపు చేసి పెట్టడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఫలానా ఏడాది సంచికలో ఫలానా చెరువు చరిత్ర మీద వ్యాసం ఉందని తెలిస్తే, ఎక్కడో ఉన్న పరిశోధకుడు మీకు ఉత్తరం రాస్తాడు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఆధారాలు లేని వ్యాసాలు చాలా ఉన్నాయి. మీ జిల్లాలోని ఒక గుడి మీదో, కవి మీదో ఉన్న పేజీ తెరవండి. అందులో ఆధారం కావాలని గుర్తు పెట్టిన వాక్యానికి మీ అలమారాలోని పుస్తకం నుంచి పేజీ సంఖ్యతో సహా ఆధారం చేర్చండి. ఒక లైబ్రేరియన్ ఒక్క ఆధారం చేర్చాలన్న ఆలోచనతో 2016 నుంచి ప్రతి జనవరిలో 'వన్ లిబ్ వన్ రెఫ్' అనే కార్యక్రమం ప్రపంచవ్యాప్తంగా జరుగుతోంది. చేర్చిన తర్వాత ఆ పేజీ లింకును, పుస్తకం ముఖచిత్రాన్ని కలిపి ఛానల్లో పెట్టండి. ఒక వాక్యం వెనక ఒక పుస్తకం ఎలా నిలబడుతుందో విద్యార్థులు కళ్లారా చూస్తారు.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది

లైకులు లెక్కపెట్టుకోవడం నేను మానేశాను. ఎన్-లిస్ట్ వాడకం నివేదిక నెలనెలా చూస్తాను. పోస్టు పెట్టిన వారం, పెట్టని వారం పోల్చుకుంటాను. అన్నిటికన్నా మళ్లీ ఆ నోటుపుస్తకాన్నే నమ్ముతాను. "పాత పీహెచ్‌డీలు దొరుకుతాయా" అన్న ప్రశ్న మా పుస్తకంలో పడి నాలుగు నెలలైంది. మొన్న అదే ఎం.ఏ. తరగతి నుంచి ఒకబ్బాయి ఫోను తెరిచి, శోధగంగలో దొరికిన గ్రంథసూచి చూపిస్తూ అడిగాడు: "మేడమ్, ఇందులో పదిహేడోది 1940ల నాటి పుస్తకం. మన దగ్గర లేదు. ఏ లైబ్రరీలో ఉందో ఎలా కనుక్కోవాలి?"

అతని మాటల్లోనే రాసుకున్నాను. వచ్చే మంగళవారం పోస్టు దాని మీదే.